చాటకు కట్టిన తీగ

కుర్చీ ఎక్కడ వెయ్యాలో సుబ్బులమ్మకు తేలలేదు. వసారాలో వేస్తే వీధిలో పోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది, నడింట్లో వేస్తే లోపలికి పిలుచుకున్నట్టవుతుంది, ఒకసారి పిలుచుకున్న మనిషిని ఇంతవరకే రా, ఇక్కడే ఆగు అని ఎట్లా అంటారు. వచ్చేది చుట్టాలు కాదు, పోలీసులు. అయినా మనిషి గడప తొక్కుతున్నాడంటే కూర్చోవడానికి ఏదో ఒకటి వెయ్యాలి కదా. ఇంట్లో ఉన్నది ఒక్క కుర్చీ, నీలం రంగుది, దానికీ ఒక కాలు కొంచెం వంకర. ఎవరైనా ఇద్దరొస్తే రెండో కుర్చీ పక్కింటి యల్లమ్మ దగ్గర తెచ్చుకోవడం ఇన్నేళ్ళ అలవాటు. గోడ దగ్గర నిలబడి "వదినా, కుర్చీ" అంటే చాలు, ముందు కుర్చీ కాళ్ళు, ఆ వెనక యల్లమ్మ మొహం కనిపించేవి, ఎవరొచ్చినారు, ఏందంట అని అడుగుతూ. ఇవాళ సుబ్బులమ్మ ఆ గోడ దగ్గరికి పోలేదు. పోలీసులు వస్తున్నదే యల్లమ్మ వాళ్ళ బోరు కేబులు ఎవరు కోసుకుపోయారో అడగడానికి.

పోయిన వారం ఒక తెల్లారి యల్లమ్మ మొగుడు కాటమరాజు చేనికి పోతే స్టార్టరు డబ్బా తలుపు వేలాడుతోంది, మోటారుకు పోయే కేబులును అందినంత వరకూ లాగి నరుక్కుపోయారు. కొమరోలు చుట్టుపక్కల ఇది కొత్త సంగతి కాదు. కేబులు లోపలుండే రాగి కోసం కోస్తారు, పైనున్న నల్ల తొడుగు కాల్చేసి రాగి అమ్ముకుంటారు. కొత్త కేబులు వచ్చేలోగా కాటమరాజు మిరపచేను కాయ మీద ఉండగానే వాడిపోయింది. బోరు తొట్టి దగ్గర వాళ్ళ గొర్రెలు ఎండిన సిమెంటును నాకుతుంటే సుబ్బులమ్మ కళ్ళారా చూసింది. చూసి, ఇంటికొచ్చి, తన బిందెలో నీళ్ళు మోసుకుపోయి ఆ తొట్టిలో పోసింది. ఒక బిందె నీళ్ళు అంత మందకు ఏ మూలకి. అప్పటికి తనకు తెలుసా, తెలియదా. ఎస్సై ఇదే అడిగితే, అప్పటికి నీకు తెలుసా అమ్మా అని అడిగితే, ఏం చెప్పాలి. తెలుసు అనుకుంటే తెలుసు. తెలుసుకోవద్దు అనుకుంది కాబట్టి తెలియదు. ఇట్లాంటి జవాబు రాసుకోవడానికి వాళ్ళ కాగితం మీద చోటుంటుందా.

కుర్చీని వసారాలోనే గోడకు ఆనించి పెట్టింది. వంకర కాలు కింద చిన్న పెంకు ముక్క తోసింది. ఎండ ఇంకా వీధి మధ్యలోనే ఉంది, నీడ ఇటు జరిగేసరికి వస్తామన్నారు.

పొద్దున స్టేషన్ నుంచి ఫోనొచ్చినప్పుడు అవతలి గొంతు మెత్తగానే ఉంది. "ఒకసారి స్టేషన్ కాడికి రామ్మా, చిన్న ఎంక్వైరీ. ఆ తెల్లారి నీ పెరట్లో నల్లపొగ లేసిందని ఊళ్ళో అంటుండారు." సరే అయ్యా అంది. రమ్మంటే పోవడమే తెలుసు ఆమెకు. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది కూడా. ఆసుపత్రికి పోతే కట్టుకోదా, బ్యాంకుకు పోతే కట్టుకోదా, ఇదీ అట్లాగే అనుకుంది. చెప్పులు వేసుకుంటుంటే భవాని గుర్తొచ్చింది. ఈ వీధిలోనే పెరిగిన పిల్ల, ఇప్పుడు గిద్దలూరు కోర్టులో లాయరు. చిన్నప్పుడు తల దువ్వించుకోవడానికి దువ్వెన పట్టుకుని ఈ గడప మీదే కూర్చునేది, చిక్కు తగిలినా ఏడ్చేది కాదు. ఫోన్ చేస్తే అటునుంచి బస్టాండు రొద.

"నువ్వు పోవద్దు అత్తా," అంది భవాని. "ఆడవాళ్ళని అడగాలంటే వాళ్ళుండే ఇంటికొచ్చి అడగాల, చట్టమే అట్ల ఉంది. నేను ఫోన్ చేసి చెప్తా వాళ్ళకి."

"ఇంటికొస్తే వీధంతా చూడదా పాపా. నేనే పోయొస్తే ఎవరికీ తెలీకుండా పోతది."

"అందుకే వద్దంటుండా. ఎవరికీ తెలీకుండా పోయే చోటు కాదది. నేను బస్సెక్కుతా, నేనొచ్చేదాకా నోరు తెరవబాక. నీ మీదికి వచ్చే మాట నీ నోటితోనే చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు, రాజ్యాంగంలోనే రాసి పెట్టినారు. పేరు చెప్పు, ఊరు చెప్పు. మిగతాది లాయరొచ్చినాక అను."

"అది కాదు పాపా, ఆ పొద్దున ఏమైందంటే..."

"ఫోన్లో వద్దత్తా, వచ్చినాక అంతా వింటా. ఇంట్లో ఏదీ కదిలించబాక, ఏదీ పారెయ్యబాక." అంతలోనే ఫోను తెగిపోయింది. కాసేపటికి స్టేషన్ నుంచి మళ్ళీ ఫోను, సాయంత్రం మేమే వస్తామని.

నోరు మూసుకోవడం హక్కంట. సుబ్బులమ్మకు నవ్వొచ్చింది, ఒక్కతే ఉన్న ఇంట్లో నవ్వు వినడానికి కొత్తగా ఉండి వెంటనే ఆగిపోయింది. నోరు మూసుకోమని నాయన చెప్పాడు, పెళ్ళయినాక అత్త చెప్పింది, పిల్లలు పుట్టలేదని నలుగురూ అన్న రోజున మొగుడు కూడా కళ్ళతోనే చెప్పాడు. దాన్ని బుద్ధి అనుకుంది ఇన్నాళ్ళూ. ఎక్కడో ఢిల్లీలో పెద్దపెద్దవాళ్ళు కూర్చుని దాన్ని హక్కని రాశారని ఎవరికి తెలుసు. అది రాసినప్పుడు వాళ్ళ మనసులో ఎవరున్నారో. తనలాంటి మనిషి, వసారాలో ఒక్క కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి, ఒక్క క్షణమైనా మెదిలి ఉంటుందా. మెదిలే ఉంటుందనుకోవడం బాగుంది. ఎవరో ఎప్పుడో తన గురించి ఆలోచించారనుకోవడం.

శ్రీను కూడా ఆలోచించాడు కదా ఆ పొద్దున. అక్కడికే పోతుంది మనసు, ఎటు తిప్పినా, కట్టు విప్పిన గొర్రె దొడ్డికి పోయినట్టు. శ్రీను ఆమె తమ్ముడు. అమ్మ పోయేనాటికి పాలు మానని పిల్లాడు, సుబ్బులమ్మ చంకన వేసుకుని పెంచింది, అక్కా అని పిలిచినా ఆ పిలుపులో ఉన్నది వేరే పిలుపేనని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు ఆటో తోలుకుంటాడు. ఆ ముందురోజు పొద్దుగూకే వేళకు ఆటో వేసుకుని వచ్చాడు, వెనక సీట్లో ఏదో గోతం. సద్దరొట్టెలు చేసింది, వంకాయ కాల్చి పచ్చడి నూరింది. ఎన్ని రొట్టెలు తిన్నాడో. ఒక్కదానికి ఒక్క రొట్టె చేసుకునే పెనం మీద అన్ని రొట్టెలు కాల్చడం పండగలా ఉండింది. తెల్లారకముందే మెలకువ వచ్చి పెరట్లోకి పోతే కాగు కింద అప్పటికే మంట. శ్రీను గొంతుక్కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాడు. "నువ్వు పండుకో అక్కా. రోజూ నువ్వే లేస్తావు. ఇయ్యాల నీళ్ళు నేను కాస్తా."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఊహ తెలిసిన కాడి నుంచి నీళ్ళు కాస్తూనే ఉంది. నాయనకు, తమ్ముడికి, మెట్టినింటికి వచ్చాక మామకు, అత్తకు, మొగుడికి, చుట్టాలకు, పెళ్ళిళ్ళలో ఊరందరికీ. జ్వరమొచ్చిన రోజు లేవలేక చన్నీళ్ళు పోసుకుంది గానీ తన కోసం ఇంకొకరు కాగు కింద మంట పెట్టడం ఆమె ఎరగదు. ఏదో ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. "ఏందిరా వాసన?" "పాత టైరు ముక్క వేసినాలే, తొందరగా అంటుకుంటదని." సరే అంది. తొలిచెంబు పోసుకున్నప్పుడు నీళ్ళు చుర్రుమన్నాయి. చల్లనీళ్ళు కలుపుకోలేదు. వాడు కాచిన నీళ్ళు, వాడు కాచినంత వేడిగానే పోసుకోవాలనిపించింది. ఒక్కొక్క చెంబే పోసుకుంటూ, మధ్యలో ఆగుతూ, కాగు అడుగంటేదాకా ఆ తడికెల చాటునే కూర్చుంది. బయటికొచ్చేసరికి ఆటో లేదు. గోతమూ లేదు. ఆనాటి నుంచి శ్రీను ఫోను పలకలేదు. ఆ రోజు అంట్లు తోమడానికి పొయ్యిలో బూడిద తీస్తే ఎర్రటి పోగులు తగిలాయి, సన్నగా, వెంట్రుకల మాదిరి, కడిగితే బంగారంలా. అప్పుడు తెలిసిందా. గుమ్మంలో నిలబడి వాసన చూసినప్పుడే తెలిసిందా. ఎందుకు చేశావురా అని అడగడానికి మనిషి లేడు. అడిగితే చెబుతాడా. ఆ నీళ్ళు అక్క కోసం కాచాడా, మంట ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి కాచాడా. సుబ్బులమ్మకు కావలసిన జవాబు ఈ ఒక్కదానికే. పోలీసులు దీన్ని అడగరు.

వీధిలో ఏదో బండి వస్తున్న చప్పుడు. పాలబండి, అంతే, వెళ్ళిపోయింది. ఈ చప్పుడుకు కొండయ్య తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. కొండయ్య ఆమె మొగుడు, పోయి నాలుగైదేళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఎవరివో గొర్రెలు పోయాయని చేలో పనిచేస్తున్నవాణ్ణి అట్లాగే జీపెక్కించారు. ఎందుకో చెప్పలేదు, ఎక్కడికో చెప్పలేదు. క్యారియరు పట్టుకుని సుబ్బులమ్మ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరిగింది. ఇక్కడ లేడు పోమ్మా అన్నారు ఒకచోట, ఎవడు వాడు అన్నారు ఇంకోచోట. ఆ అన్నం క్యారియరులోనే పులిసిపోయింది. కొన్నాళ్ళకు ఆయనే బస్సు దిగి నడిచొచ్చాడు, గొర్రెలు వేరే మందలో కలిసిపోయి దొరికాయంట, పొమ్మన్నారంట. ఆ నడక చూసి ఆమె నూనె కాచి తెస్తే అరికాళ్ళు ముట్టుకోనియ్యలేదు. ఏం అడిగారు, నువ్వేం చెప్పావు అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే, బతికినన్నాళ్ళూ ఆ గోడవైపే పడుకున్నాడు. ఇప్పుడట్లా కుదరదత్తా అంటుంది భవాని. ఎందుకు పట్టుకుపోతున్నారో చెప్పాల, ఇంటోళ్ళకు కబురు చేయాల, ఒక రోజు దాటకుండా జడ్జి ముందర నిలబెట్టాల, లాయర్ని కలవనియ్యాల. ఈ చట్టాలు అప్పుడు లేవా పాపా అని అడిగింది సుబ్బులమ్మ ఒకసారి. భవాని అంది, "అప్పుడూ ఉండినాయి అత్తా."

శ్రీను పేరు చెబితే శ్రీను అరికాళ్ళు. చెప్పకపోతే యల్లమ్మ గొర్రెల నాలుకలు. మధ్యలో తన పొయ్యి, తన కాగు, తన ఒంటి మీద పోసుకున్న నీళ్ళు. తమ్ముడి గురించి ఒక మాట అంటే అది తన పెరడు దాటకుండా బయటికి పోదు.

నీడ వసారా మెట్టు దాకా వచ్చింది. కుండలో నీళ్ళు తాజాగా ఉన్నాయో లేదోనని చూసింది, పొద్దుటివే ఉన్నాయి, పారబోసి మళ్ళీ పట్టింది. మజ్జిగ చిలికి కొంచెం ఉప్పు, వాము నలిపి వేసింది. వసారా కడిగింది, కడిగినాక ముగ్గు చెదిరిందని రెండు గీతలు సరిచేసింది. అద్దంలో చూసుకుని తల దువ్వుకుంది. దువ్వెన చేతిలో ఉండగానే ఆగిపోయింది. నేను చేస్తున్నదేంది. ఇది భయపడేవాళ్ళు చేసే పని కాదు. చుట్టాలు వస్తారని ఎదురుచూసేవాళ్ళు చేసే పని. పొద్దుటి నుంచి, ఆ చీర కట్టుకున్నప్పటి నుంచి, లోపల ఎక్కడో చిన్నగా ఒక సంతోషం, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎవరో వస్తున్నారు. వచ్చి, ఎదురుగా కూర్చుని, తన మొహంలోకి చూస్తూ అడుగుతారు, ఎన్ని గంటలకు లేచావు, ఏం వండావు, ఎవరొచ్చారు, ఎవరేమన్నారు. ఇట్లాంటివి అమ్మ అడిగేది. అమ్మ తర్వాత ఎవరూ అడగలేదు. మధ్యాహ్నమంతా ఆమె మనసులో ఎస్సైకి చెబుతూనే ఉంది, సద్దరొట్టెల దగ్గర మొదలుపెట్టి, వంకాయ కాలిన వాసన, శ్రీను చిన్నప్పుడు రొట్టె అంచులు తినకుండా వదిలేసేవాడని, అంతా. మనసులో ఎస్సై చాలా మంచివాడు. తొందరపెట్టడు. ఊ కొడతాడు. ఆ ఊకొట్టడానికే తను ఉన్నదంతా చెప్పేస్తుందని ఇప్పుడు తెలిసింది సుబ్బులమ్మకు. కొట్టేవాళ్ళ ముందు ఎట్లా ఉంటుందో ఏమో గానీ, ఏమ్మా తిన్నావా అనేవాళ్ళ ముందు తన నోరు నిలవదు. ఈ సంగతి భవానికి తెలియదు. రాజ్యాంగం రాసినవాళ్ళకు తెలుసో లేదో.

గుక్కెడు నీళ్ళు తాగుదామని ఇటు తిరిగేసరికి చాట కనిపించింది.

కుర్చీకి పైన, సరిగ్గా పైన, మేకుకు వేలాడుతోంది. మెంతులూ కాగితమూ నానబెట్టి రుబ్బి కిందటి నెలే అలికింది. అంచు మాత్రం ఎప్పటి నుంచో ఊడిపోయి ఉండింది, మేదరివాళ్ళు ఈ మధ్య రావడం లేదు. ఆ అంచు చుట్టూ ఇప్పుడు ఎర్రగా, వరసగా, దగ్గర దగ్గరగా రాగితీగ. తనే కట్టింది. బూడిదలో దొరికిన పోగులు నాలుగు కలిపి పురి పెట్టి, ముడి లోపలికి పోయేటట్టు మడిచి, తీరుబడిగా కూర్చుని కట్టింది. పారేయడానికి చెయ్యి రాలేదు. పనికొచ్చేదాన్ని పారేయడం ఆ చేతులకు ఎవరూ నేర్పలేదు. కడుతున్నప్పుడు అది ఎక్కడిదని ఆలోచించలేదు, అంచు గట్టిగా నిలిచిందా లేదా అనే చూసింది. విప్పేద్దామా. చెయ్యి పైకి పోయింది. ఏదీ కదిలించబాక అంది భవాని. విప్పితే దొంగ చేసే పని చేసినట్టు, ఉంచితే దొంగసొత్తు గోడకు తగిలించుకున్నట్టు. పోనీ కుర్చీ జరుపుదామని ఎదుటి గోడకు వేసింది. అప్పుడు కూర్చున్నవాళ్ళకు చాట ఎదురుగా కనిపిస్తుంది. మళ్ళీ మొదటి చోటికే తెచ్చింది. పెంకు ముక్క ఎక్కడో జారిపోయింది, వెతుకుతుంటే జీపు ఆగింది.

ఇద్దరు. కుర్రాడిలా ఉన్న ఎస్సై, వెనక ఒక ఆడ కానిస్టేబులు, బొద్దుగా, చెమటకు మొహం తుడుచుకుంటూ. వీధిలో తలుపులన్నీ ఒక్కొక్క బెత్తెడు తెరుచుకున్నాయి. సుబ్బులమ్మ గడపలో నిలబడి ఉండగా పక్కగోడ మీద కుర్చీ కాళ్ళు కనిపించాయి. పిలవలేదు. కాళ్ళ వెనక యల్లమ్మ మొహం.

"ఇద్దరొచ్చినారు గదా. తీసుకో."

తీసుకోవడానికి చేతులు చాస్తే యల్లమ్మ కుర్చీ వదల్లేదు. గొంతు తగ్గించింది. "పొగ సంగతి అడిగితే చెప్పినా వదినా. చూసింది చెప్పినా. చూడంది ఒక్క ముక్క చెప్పలే."

"మంచిదే వదినా," అంది సుబ్బులమ్మ. కుర్చీ ఇటు వచ్చింది, మొహం అటు దిగిపోయింది.

ఎస్సై కూర్చోలేదు. కానిస్టేబులు నీలం కుర్చీలో కూర్చుంటే అది పక్కకు ఒరిగింది. "నీ కుర్చీ నన్ను తోసేస్తుండాది గదమ్మా," అని నవ్వింది. పేరు ఏంజెల్ అని చొక్కా మీద ఉంది. సుబ్బులమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఆ రోజు మీ ఇంటికి ఎవరొచ్చినారమ్మా?" అన్నాడు ఎస్సై.

"లాయరమ్మ బస్సులో ఉంది సారూ. వచ్చినాక చెప్తా."

"తప్పు చేయనోళ్ళకు లాయరెందుకమ్మా?"

"మా ఆయన కూడా ఏ తప్పూ చేయలే సారూ."

ఆయనకు అర్థం కాలేదు. మీ ఆయనెవరు అన్నట్టు ఏంజెల్ వైపు చూశాడు, ఫోను మోగితే జీపు దగ్గరికి నడిచాడు. వసారాలో ఇద్దరే మిగిలారు. ఏంజెల్ మజ్జిగ సగం తాగి, మెడ నొప్పో ఏమో తల వెనక్కి వాల్చి, పైకి చూసింది.

"ఒక్కదానివే ఉంటావా అమ్మా?"

"ఊఁ."

"నీ చాట భలే కట్టినారే. మా అమ్మ చాట ఇట్లనే అంచు ఊడిపోయి మూలన పడుంది. ఎవరు కట్టినారమ్మా ఇంత బాగా?"

నేనే. మాట పళ్ళ దాకా వచ్చింది. తన చేతిపని ఎవరైనా బాగుందని చెప్పి ఎన్నాళ్ళయింది, ఎవరు అని అడిగి ఎన్నాళ్ళయింది. ఏంజెల్ మొహంలో ఎత్తుగడ ఏమీ లేదు, ఉన్నా సుబ్బులమ్మకు తెలియదు. అమ్మ చాట గుర్తొచ్చిన కూతురి మొహమే అది. నేనే అమ్మా, ఇట్లా పురి పెట్టాలి, ముడి లోపలికి మడవాలి, రా చూపిస్తా. అంతా ఆ ఒక్క మాట వెనకే నిలబడి ఉంది, రొట్టెలూ, మంటా, వాసనా, గోడవైపు తిరిగిన వీపూ. మాట మింగింది.

చెప్పాలి. యల్లమ్మ చూసింది చెప్పింది, తను కూడా చెప్పాలి. అయితే బాగుందన్నారని కాదు, తిన్నావా అన్నారని కాదు. తను అనుకున్నప్పుడు, తనవైపు మనిషి పక్కనున్నప్పుడు, మొదటి నుంచి. అంతవరకూ ఇది తనది. కొండయ్యకు ఈ కాస్త వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

లేచి చాటను మేకు మీంచి దించింది. లోపలికి పోయి బియ్యం పోసుకొచ్చి, వసారాలో కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఏంజెల్ కాసేపు చూసింది. అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు. కుర్చీ ఒరుగుతోందనో ఏమో తనూ కిందికి దిగి ఎదురుగా కూర్చుంది, అలవాటు కొద్దీ వేలు చాచి ఒక రాయి తీసి పక్కన వేసింది. ఇద్దరి చేతుల మధ్య ఎర్రటి అంచు ఎండకు మెరుస్తోంది. ఏంజెల్ చూపు దాని మీద ఆగిందో, దాటిందో, సుబ్బులమ్మ తల ఎత్తి చూడలేదు. చాలా రోజుల తర్వాత ఆ చాట మీద ఇంకో చెయ్యి పడింది. అది మాత్రం చూసింది. రాళ్ళు ఒకవైపు నెడుతూ, భవానికి చెప్పాల్సినవి ఒక్కొక్కటే వరసలో పెట్టుకుంటోంది, రొట్టెలు, గోతం, కాగు కింద మంట, వేడినీళ్ళు, బూడిదలో పోగులు, ఈ అంచు. శ్రీను పేరు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

రోడ్డు మలుపులో బస్సు హారను వినిపించింది. వేళ్ళ మధ్య దొరికింది రాయో, బియ్యపు గింజో తెలియడం లేదు. పారేయకుండా, తిరిగి చాటలో వేయకుండా, సుబ్బులమ్మ దాన్ని పట్టుకునే కూర్చుంది.